గుంట నడిచి రాదు

ఫిబ్రవరి 3

నాన్నకు,

ఫోన్లో నువ్వు "ఆ", "సరే", "ఉంటా మరి" తప్ప ఇంకేమీ మాట్లాడవు కనుక ఈ సంగతి ఉత్తరంలో రాస్తున్నాను. అమ్మకి చదివి వినిపించు. మధ్యలో ఆపి నీ వ్యాఖ్యానం కలపకు. పూర్తయ్యాక కలుపు.

నేను పనిచేసే కౌంటరు ఎత్తేస్తున్నారు. గోల్ఫ్ ఆడటానికి వచ్చినవాళ్ళకి బంతుల బుట్ట అందించడం, వాళ్ళు వెళ్ళేటప్పుడు ఖాళీ బుట్ట తీసుకోవడం నా పని అని నీకు తెలుసు. ఏప్రిల్ నుంచి ఆ పని ఒక మిషను చేస్తుంది. మీట నొక్కితే బంతులు పడతాయి. నిన్న దాన్ని తెచ్చి నా పక్కనే నిలబెట్టారు. ఇంకా కరెంటు ఇవ్వలేదు. రోజంతా ఇద్దరం పక్కపక్కన నిలబడుతున్నాం. కొత్తగా వచ్చిందని అందరూ దాన్నే పలకరిస్తున్నారు.

కంగారు పడకు. ఇంకో దారి ఉంది. కొత్తగా నేర్చుకునే పిల్లలకి పాఠాలు చెప్పడానికి ఒక అసిస్టెంటు కావాలట. నా వ్యాయామవిద్య డిగ్రీ చూసి టోపీ మేడం నాకు అవకాశం ఇచ్చింది. టోపీ మేడం అంటే ఇక్కడ పెద్ద కోచ్. భోజనం దగ్గర కూడా టోపీ తీయదు. మార్చి 28న పరీక్ష. నెగ్గితే పాఠాలు చెబుతాను. నెగ్గకపోతే కౌంటరు ఎలాగూ ఉండదు కనుక పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేస్తాను.

పరీక్ష బంతిని దూరంగా కొట్టడంలో కాదు, దగ్గరి దెబ్బల్లో. పచ్చికని తివాచీలాగా నున్నగా కత్తిరించిన చోట ఒక గుంట ఉంటుంది. అందులో జెండా కర్ర ఉంటుంది. బంతిని ఆ గుంటలో వేయాలి. నున్నటి పచ్చిక మీద దొర్లించే దెబ్బని పట్ అంటారు. ఆ పచ్చిక అంచుకి బయట నిలబడి, బంతిని కాస్త లేపి లోపల పడేసి దొర్లనిచ్చే దెబ్బని చిప్ అంటారు. రెండింటికీ బలం అక్కర్లేదు. ఎంత జోరుగా కొడితే ఎంత దూరం పోతుందో చేతికి తెలియాలి, అంతే. ఆ "అంతే" దగ్గరే నా తల ప్రాణం తోకకి వస్తోంది.

ఆ రోజు చూడటానికి ఇంట్లోవాళ్ళు కూడా రావచ్చట. నువ్వూ అమ్మా రండి. నేను ఇక్కడ చేరాక మీరు ఒక్కసారి కూడా లోపలికి వచ్చి చూడలేదు. బస్సు గేటుకి ఎదురుగానే ఆగుతుంది.

నీ కూతురు


ఫిబ్రవరి 11

అమ్మాయికి,

ఇక్కడ అందరం బాగున్నాం, మీ అమ్మ మోకాలు తప్ప.

నీ ఉత్తరం చదివాను. మధ్యలో నేను ఆపలేదు. మీ అమ్మే గుంట అన్నచోట ఆపి మళ్ళీ చదవమంది. చదివాను.

ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపాను. గుంట కనిపిస్తే తప్పించడమే నా ఉద్యోగం. నిన్ను డిగ్రీ దాకా చదివిస్తే, నువ్వు కావాలని గుంటలో పడేయడానికి పరీక్షకి వెళ్తున్నావు. నాకు అభ్యంతరం లేదు. మీ అమ్మ మాత్రం ఆ గుంటేదో పూడ్చేస్తే అందరికీ పని తగ్గుతుంది కదా అంటోంది.

దూరం సంగతి నన్ను అడుగు. స్టాపు దగ్గర రోడ్డు మీద గీత ఉంటుంది. కళ్ళు ఆ గీత మీద ఉండాలి. చాలా ముందునుంచే బ్రేకు మీద కాలు మెత్తగా ఆనించాలి. చివర్లో తొక్కేవాడు డ్రైవరు కాడు. మొదటినుంచీ ఆపుకుంటూ వస్తే బండి తనంతట తానే గీతకి ఇవతల నిలబడుతుంది. లోపల నిలబడ్డవాడి చేతిలో టీ గ్లాసు ఉన్నా తొణకదు. నా సర్వీసు మొత్తంలో ముందు చక్రం ఒక్కసారి కూడా గీత దాటలేదు. డిపోలో ఎవరినైనా అడుగు. నువ్వూ అలాగే ఆపుకుంటూ కొట్టు.

రావడం సంగతి చూద్దాం. మీ అమ్మకి మోకాలు. నాకు పనులున్నాయి.

మీ అమ్మ రాయమంటోంది: ఆయనకి ఏ పనీ లేదు. రాశాను.

మీ నాన్న


ఫిబ్రవరి 19

నాన్నకు,

బంతికి బ్రేకు లేదు.

నువ్వు చెప్పావని నిన్న ఆపుకుంటూ కొట్టి చూశాను. బంతి సగం దూరం వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది. టోపీ మేడం చూసి, "బంతికి తగిలే ముందు నీ చెయ్యి ఎందుకు బెదురుతోంది?" అంది. బెదరడం కాదు, ఆపుకోవడం అని చెప్పాను. "ఎందుకు ఆపుకోవడం?" అంది.

నిజం చెప్పాలంటే నీ సలహా రాకముందు కూడా నా బంతులన్నీ ఇవతలే ఆగుతున్నాయి. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక ఒక బుట్ట బంతులు పెట్టుకుని పట్ కొడుతున్నాను. అన్నీ గుంట ముందు క్యూ కట్టినట్టు నిలబడతాయి. ఒక్కటీ కౌంటరు దాకా వెళ్ళదు. దారి తప్పడం లేదు, నాన్నా. దారి తిన్నగానే ఉంటుంది. జోరే చాలదు.

మేడం నన్ను పక్కన కూర్చోబెట్టి చెప్పింది. ఎంత చక్కటి దారిలో వెళ్ళినా, ముందే ఆగిన బంతి గుంటలో పడే ప్రశ్నే లేదట. గుంట దాటి మూరెడు దూరం పోయేంత జోరు ఉన్న బంతికే పడే అవకాశం ఉంటుందట. పడకపోతే ఆ మూరెడు అవతల ఆగుతుంది, ఇంకో చిన్న దెబ్బతో పని అయిపోతుంది. "దాటనీ" అని పదేపదే అంటోంది. నేను సరే అంటున్నాను. చెయ్యి సరే అనడం లేదు.

"ఇది నీకు ఎవరు నేర్పారు?" అని అడిగింది. మా నాన్న బస్సు డ్రైవరు, ఒక్కసారి కూడా గీత దాటలేదు అన్నాను. టోపీ తీసి, తల గోక్కుని, మళ్ళీ పెట్టుకుంది. ఆవిడ జుట్టు చూడటం నాకు అదే మొదటిసారి. "ఇంటి నుంచి వచ్చిన అలవాటు. వదిలించడం కష్టం" అంది.

అమ్మ మోకాలికి వేడినీళ్ళ కాపడం పెడుతున్నావా? పరీక్షకి వస్తున్నారో లేదో రాయలేదు.

నీ కూతురు


ఫిబ్రవరి 26

అమ్మాయికి,

కాపడం పెడుతున్నాను. నీళ్ళు చాలా వేడిగా ఉన్నాయని మీ అమ్మ, లేవని నేను. మోకాలు ఆవిడదే కనుక ఆవిడ మాటే చెల్లింది.

ఇంటి నుంచి వచ్చిన అలవాటు అని మీ మేడం అన్న మాట రెండుసార్లు చదివాను. మన ఇంటి నుంచి చెడ్డ అలవాటేదీ బయటికి వెళ్ళలేదు. దాటిపొమ్మని నేర్పే టీచరుని నేను ఎక్కడా చూడలేదు. మా డిపోలో దాటిపోయేవాడొకడు ఉండేవాడు. వాణ్ణి చివరికి టికెట్ల గదిలో కూర్చోబెట్టారు.

ఆవిడకొక చీటీ రాసి, వేరే కవరులో పెట్టి అంటించి, దీంతో పాటు పంపుతున్నాను. మర్యాదగానే రాశాను. నా సర్వీసు గురించి రాసి, మా అమ్మాయికి లోపం ఏదైనా ఉంటే అది ఇంటిది కాదని, అక్కడి పచ్చికలో తేమ ఎక్కువేమో చూడమని రాశాను. నువ్వు తెరవకుండా ఇవ్వు.

మీ అమ్మ రాయమంటోంది: ఇవ్వకు. రాశాను. కానీ ఇవ్వు.

మీ నాన్న


మార్చి 6

నాన్నకు,

ఇచ్చాను. తెరవలేదు. ఇచ్చాక చూశాను, కవరు మీద నువ్వు "టోపీ మేడం గారికి" అని రాశావు. అది మేము వెనకాల పెట్టుకున్న పేరు. అలా పిలుస్తామని ఆవిడకి తెలియదు. ఇప్పుడు తెలుసు.

ఆవిడ నిలబడే చీటీ మొత్తం చదివింది. మడిచి టోపీలో పెట్టుకుంది. పచ్చికలో తేమ గురించి మీ నాన్న చెప్పింది నిజమే అంది. పొద్దున మంచు ఆరకముందు బంతి నెమ్మదిగా పోతుందట, ఎండెక్కాక అదే దెబ్బకి ఇంకా ముందుకి పోతుందట. "కానీ నీ బంతులు మధ్యాహ్నం కూడా ఇవతలే ఆగుతున్నాయి" అంది. తర్వాత అడిగింది: "మీ నాన్నగారు గీతకి ఇవతల ఆపితే, స్టాపులో నిలబడ్డవాళ్ళు ఎలా ఎక్కేవాళ్ళు?"

నడిచి వచ్చి ఎక్కేవాళ్ళు అన్నాను.

"గుంట నడిచి రాదు" అంది.

దానికి జవాబు నీ దగ్గర ఉంటే రాయి.

చిప్ నాకు బాగానే వచ్చేసింది. మేడం పచ్చిక మీద ఒక తువ్వాలు పరిచింది. జెండా వంక చూడకు, బంతి ఆ తువ్వాలు మీద పడేలా కొట్టు, అక్కణ్ణుంచి అదే దొర్లుకుంటూ పోతుంది అంది. తువ్వాలు దగ్గర్లోనే ఉంటుంది కనుక నాకు భయం వేయలేదు. మిగతా దూరం బంతి చూసుకుంటుంది. పట్‌లో ఆ మిగతా దూరం కూడా నేనే చూసుకోవాలి. దానికి మేడం ఇంకో పాఠం చెప్పింది. ఉత్తుత్తి ఊపులు ఊపేటప్పుడు బంతిని కాదు, గుంటని చూస్తూ ఊపాలి. ఎవరికైనా తాళంచెవి విసిరేటప్పుడు మనం మన చేతిని చూసుకోం కదా, వాళ్ళని చూస్తాం. అలాగన్నమాట. అలా చేస్తే కాస్త మెరుగు. ఇప్పుడు జానెడు ఇవతల ఆగుతున్నాయి.

ఇంకొక సంగతి. గేటు దగ్గర వాచ్‌మన్ నిన్న నాతో అన్నాడు. మొన్న ఎవరో పెద్దాయన గోధుమరంగు సంచి పట్టుకుని రోడ్డుకి అవతల చాలాసేపు నిలబడ్డాడట. లోపలికి వచ్చే కార్లని చూశాడట. వాచ్‌మన్ చెయ్యి ఊపి పిలిస్తే, గడియారం చూసుకుని వెళ్ళిపోయాడట. మన ఇంట్లో అలాంటి సంచి ఉంది.

నీ కూతురు


మార్చి 13

అమ్మాయికి,

గోధుమరంగు సంచులు చాలామందికి ఉంటాయి.

గుంట నడిచి రాదన్న దానికి జవాబు ఆలోచిస్తున్నాను. నా బస్సు ఎక్కినవాళ్ళెవరూ నడవాల్సి వచ్చిందని గొడవ చేయలేదు. కాళ్ళు ఉన్నాయి, నడిచారు. మీ అమ్మని అడిగాను. ఆవిడ ఆ రోజుల్లో బట్టల మిల్లుకి నా బండిలోనే వెళ్ళేది. తను ఏం చెప్పిందో రాయను.

మీ అమ్మ రాయమంటోంది: వానలో కూడా ఆయన ఇవతలే ఆపేవాడు. చెప్పులు తడిసేవి. విసుగెత్తి స్టాపు వదిలేసి, బస్సు ఆగే చోటుకే ముందుగా వెళ్ళి నిలబడటం మొదలుపెట్టాను. అక్కడ నిలబడ్డదాన్ని నేనొక్కదాన్నే కనుక ఆయన కళ్ళు నా మీద పడ్డాయి. రాశాను. ఇందులో నాకు తప్పేమీ కనిపించలేదు.

మీ అమ్మ ఇంకా రాయమంటోంది: సంచిలో నీ స్వెటర్ ఉంది. నీకిస్తానని తీసుకెళ్ళి, తిరిగి తీసుకొచ్చాడు. ఎందుకు తెచ్చావంటే గేటు మూసి ఉందన్నాడు. రాశాను. గేటు తెరిచే ఉంది. ఆ మాట నేను ముందే ఆవిడకి చెప్పి ఉండాల్సింది.

మీ అమ్మ ఇంకా ఆగలేదు: ఈ వారం రోజులుగా ఆయన నడవలో గాజు గ్లాసు పడుకోబెట్టి, గొడుగు తిరగేసి పట్టుకుని, నిమ్మకాయని కొడుతున్నాడు. గుడ్లప్పగించి చూస్తాడు. ఒక్కటీ గ్లాసు దాకా పోలేదు. రాశాను. నిమ్మకాయ గుండ్రంగా ఉండదు. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

మీ నాన్న


మార్చి 20

నాన్నకు,

నీ ఉత్తరం కౌంటరులో నిలబడి చదివాను. మిషను కూడా పక్కనే ఉంది. దానికి కరెంటు ఇచ్చారు. ఇప్పుడు నా దగ్గరికి ఎవరూ రావడం లేదు, దాని ముందు వరస కడుతున్నారు. అది నాకంటే తొందరగా ఇస్తుంది. కాకపోతే రెండుసార్లు బుట్ట పెట్టకముందే బంతులు వదిలేసింది. వాటిని నేనే ఏరాను.

పరీక్షకి ఎనిమిది రోజులే ఉన్నాయి. పట్ నిన్న బాగా వచ్చి, ఈరోజు మళ్ళీ పాత చోటికే వచ్చింది. బంతి బయలుదేరే క్షణంలో నా చెయ్యి దాన్ని వెనక్కి లాగినట్టు అవుతోంది.

అందుకే ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకు. రోడ్డుకి అవతల నిలబడి తిరిగి వెళ్ళిపోయేట్టయితే ఆ రోజు రావద్దు. నువ్వు అక్కడెక్కడో సంచి పట్టుకుని నిలబడి ఉన్నావని తెలిస్తే నా చెయ్యి అసలు కదలదు. వస్తే లోపలికి రా. ఇక్కడ నిన్ను ఎవరూ ఏమీ అడగరు. కార్లలో వచ్చేవాళ్ళు కూడా బంతి పోగొట్టుకుని పొదల్లో వంగి వెతుక్కుంటారు.

నీ కూతురు


మార్చి 24

అమ్మాయికి,

నువ్వు రావద్దన్నావు. సరే. రావడం లేదు.

పరీక్ష రోజు కడుపునిండా తిని వెళ్ళు. చెప్పుల సంగతి చూసుకో, జారనివి వేసుకో.

మీ అమ్మ రాయమంటోంది: అది రావద్దనలేదు, లోపలికి రమ్మంది. చదవడం వచ్చిన మనిషికి చదవడం రాని నేను చెప్పాల్సి వస్తోంది. రాశాను. మేమిద్దరం మాట్లాడుకోవడం లేదు. మాట్లాడుకోకుండా ఇది ఎలా రాయించిందని అడగకు.

మీ నాన్న


మార్చి 29

నాన్నకు, అమ్మకు,

ముందు ఫలితం రాసేస్తాను, లేకపోతే అమ్మ మధ్యలో ఆపుతుంది. నెగ్గాను. ఏప్రిల్ రెండో శనివారం నుంచి నాకు పిల్లలు వస్తారు.

ఇప్పుడు ఎలా జరిగిందో రాస్తాను. పరీక్షకి అయిదు బంతులు. ఒక్కొక్కదాన్నీ పచ్చిక అంచు నుంచి చిప్ కొట్టి లోపల వేయాలి, ఆపైన రెండు పట్‌లలో గుంటలోకి చేర్చాలి. ఒక్కటి మిగిలినా పోయినట్టే. మొదటి నాలుగింటినీ చిప్‌లే కాపాడాయి. తువ్వాలు లేకపోయినా ఉన్నట్టే అనుకుని కొట్టాను, బంతి జెండా పక్కకే వెళ్ళి కూర్చుంది. పట్ కొట్టాల్సిన దూరం పెద్దగా మిగల్లేదు.

అయిదోది చెడింది. ఎత్తుగా ఉన్న చోట పడి, అక్కడే ఆగిపోయింది. గుంట ఆ చివర, నేను ఈ చివర. మధ్యలో నేల కిందికి వాలుతుంది. వాలులో జోరు పెరుగుతుందని భయపడి అందరూ మెత్తగా కొడతారు, నేనైతే చెప్పక్కర్లేదు. మేడం కాగితం పట్టుకుని పక్కకి తిరిగి నిలబడింది.

గుంటని చూస్తూ ఉత్తుత్తిగా ఊపాను. మీ ఇద్దరూ గుర్తొచ్చారు. వానలో స్టాపుకి ముందు నిలబడ్డ అమ్మ గుర్తొచ్చింది. నా గుంట ముందుకొచ్చి నిలబడదు కదా అనుకున్నాను. కొట్టాను. బంతి పోతోంది, పోతోంది, గుంట అంచు పక్కనుంచి దాటింది. నా జన్మలో మొదటిసారి దాటింది. మూరెడు కాదు, రెండు మూరలు పోయింది. నా గుండె కూడా దాంతోపాటే పోయింది.

కానీ నాన్నా, దాటాక అది చివర్లో ఎడమకి తిరగడం చూశాను. అది అటు తిరిగిందంటే, అక్కణ్ణుంచి వెనక్కి వచ్చేటప్పుడు నేల ఎటు లాగుతుందో తెలిసిపోయింది. ఇవతల ఆగిపోయే బంతులు నాకు ఇన్నాళ్ళూ ఆ సంగతి చూపించలేదు. ఆ నేల మీదికి అవి వెళితే కదా. అది లెక్కలో పెట్టుకుని తిరుగు దెబ్బ కొట్టాను. పడింది. డబ్బాలో రాయి వేసిన చప్పుడు వచ్చింది. మేడం కాగితం మీద ఏదో గీసి, "పిల్లలకి ఏ టోపీలు పెట్టాలో కూడా ఇక నువ్వే చూసుకో" అంది. నువ్వు కవరు మీద రాసిన పేరు ఆవిడ మర్చిపోలేదు.

ఇంకొకటి నాకు అర్థం కాలేదు. పరీక్ష అయ్యాక తోటమాలి ఒక సంచి తెచ్చి ఇచ్చాడు. వెనక గేటు గడియకి తగిలించి ఉందట. గోధుమరంగు సంచి. లోపల నా స్వెటర్. వెనక గేటు తోటపనివాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. రోడ్డు మీద నుంచి కనిపించదు. నువ్వు రావడం లేదని రాశావు. నీకు ఆ గేటు ఎలా తెలుసు?

నీ కూతురు


ఏప్రిల్ 4

అమ్మాయికి,

మీ అమ్మ మోకాలు కాస్త నయం. నువ్వు నెగ్గిన సంగతి ఉత్తరం రాకముందే మీ అమ్మకి నేను చెప్పాను. ఎలా తెలుసో ఇప్పుడు రాస్తాను.

నేను పరీక్ష చూడటానికి రాలేదు. స్వెటర్ ఇవ్వడానికి వచ్చాను. వాచ్‌మన్ చేతికి ఇచ్చి వెళ్ళిపోదామని. అందుకని గేటు స్టాపుకి ముందే లేచి, తలుపు దగ్గర నిలబడ్డాను.

ఆ బస్సు నడిపేది ఒక అమ్మాయి. కొత్తగా చేరింది. నీ వయసుంటుంది. గీత కనిపిస్తోంది. కాలు బ్రేకు మీద లేదు. నేను చూస్తూనే ఉన్నాను. గీత వచ్చింది, గీత పోయింది. స్టాపు పోయింది, గేటు పోయింది, వాచ్‌మన్ పోయాడు. ఎక్కడో మలుపు తిరిగాక ఆపింది. ముప్పై ఏళ్ళు నడిపిన మనిషిని నేను, నోరు కట్టేసుకుని ఉండలేకపోయాను. "ఏమ్మా, ఇదా ఆపడం, గీత కనపడలేదా?" అన్నాను. "కనపడింది పెద్దాయనా, దాటేశా. ఇక్కడ కూడా నేలే కదా, దిగండి" అంది. దిగాను. ఆ మాటకి కండక్టరు నవ్వాడు.

వెనక్కి నడుచుకుంటూ వస్తుంటే గోడ అయిపోయి కంచె వచ్చింది. కంచెలో చిన్న గేటు. వాచ్‌మన్ లేడు, కార్లు లేవు. ఒకాయన చక్రాల బండిలో గడ్డి తోసుకుంటూ పోతున్నాడు. ఏమీ అడగలేదు. కంచెకి అవతల నువ్వు. టోపీ ఉన్నావిడ పక్కన. ఆవిడది మంచి టోపీ.

నేను వచ్చేసరికి నీ బంతి ఆ చివర ఉంది. నువ్వు కొట్టావు. అది గుంట దాటగానే నా కుడికాలు నేలని తొక్కేసింది. గట్టిగానే తొక్కాను, మడమ నొప్పి ఇంకా ఉంది. బంతి ఆగింది. నేను తొక్కినందుకే ఆగిందని అనను. తర్వాత నువ్వు తిరిగి కొట్టింది పడింది. చప్పుడు నాక్కూడా వినిపించింది.

పిలుద్దామనుకున్నాను. నువ్వు ఆవిడతో మాట్లాడుతున్నావు. సంచి గడియకి తగిలించి వచ్చేశాను. గేటు తెరిచే ఉంది.

మర్నాడు ఆ డ్రైవరమ్మాయి మీద ఫిర్యాదు చేద్దామని డిపోకి వెళ్ళాను. పాతవాళ్ళంతా కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఏం పని మీద వచ్చావన్నారు. ఆ అమ్మాయికి మీ దారిలో ఏ రోజు డ్యూటీ అని అడిగి వచ్చేశాను. శనివారాలు ఉంటుందట. నీకు పిల్లలు వచ్చే శనివారం ఆ బండికే వస్తాం. ముందు గేటుకి వెళ్ళాలా, వెనక గేటుకి వెళ్ళాలా అన్నది ఆ అమ్మాయి ఎక్కడ ఆపితే దాన్నిబట్టి చూస్తాం.

నిమ్మకాయ మానేశాను. ఉల్లిపాయ మేలు. నిన్న గ్లాసు దాటి వంటింట్లోకి పోయింది.

మీ అమ్మ రాయమంటోంది: ఈసారి గేటు దగ్గర ఆగితే వెనక నుంచి తోస్తాను. రాశాను.

మీ నాన్న